మోకాళ్లకు కాలమ్ లేదు

మన రాష్ట్రంలో ముసలితనం అందరికీ ఒకే వయసులో రాదు. నేను కవిత్వం చెప్పడం లేదు. ప్రభుత్వమే రాసిపెట్టింది. సామాజిక పింఛన్ల నిబంధనలు తీసి చూడండి. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలి. గిరిజనులకైతే 50. చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు, మత్స్యకారులకు, డప్పు కళాకారులకు 50. చెప్పులు కుట్టి బతికే చర్మకారులకు 40.

నలభై! ఇంకో మూడేళ్లకు నాకూ నలభై వస్తాయి. కాలేజీలో నన్నింకా కుర్ర లెక్చరరనే అంటారు. అదే ఈడువాడు, నా కులంవాడే, తోలు ముందు వంగి కూర్చుని బతికితే నలభైకే వాడి ఒళ్లు అరిగిపోయిందని ప్రభుత్వం ఒప్పుకుంటుంది. మంచిదే. ఆ పింఛను కోసం కొట్లాడినవాళ్లకు దండం పెడతాను. కానీ పింఛను కాగితానికి తెలిసిన ఈ సంగతి ఇంటి పట్టా కాగితానికి ఎందుకు తెలియదు? ఈ వారం రాయదలచుకున్నది దాని గురించే.

పోయిన భాగం చదివి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, ఇళ్లు ఇచ్చారు కదా, పక్కా ఇళ్లే కదా, ఇంకేం కావాలి?" అని. తమ్ముడూ, ఇల్లు ఇచ్చారా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ ఇంట్లో ఎవరు ముసలివాళ్లవుతారు, ఎలా అవుతారు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి లెక్కలున్నాయి. రెండోదాన్ని మనమైనా అడగలేదు.

ముందు పల్లె ఇంటి దగ్గర మొదలుపెడతాను. మా నాయనమ్మ ఇల్లు డెల్టాలో, ఊరికి దూరంగా, పల్లంలో ఉండేది. తాటాకు ఇల్లు. చూరు ఎంత కిందకి ఉండేదంటే, నడుం వంచకుండా ఎవరూ లోపలికి పోలేరు. తలుపు దగ్గర వంగడం, పొయ్యి దగ్గర వంగడం, వరి చేలో వంగడం. మరుగుదొడ్డి లేదు. చీకటి పడ్డాక చెంబు పట్టుకుని పోవాలి, అదీ ఎవరి గట్టు మీదకు పోతే ఎవరు తిడతారో చూసుకుని. వానాకాలం ఇంట్లో పాము లేని రోజు పండగ. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి కాబట్టి గుడిసె మీద చాలానే చదివాను. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చినప్పటి నుంచి మన గురించి రాసినవాళ్లు తక్కువేం కాదు. కానీ గుడిసె అందాన్ని పాడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో నిలబడి ఊరి గురించి ఏం చెప్పాడో చదివినవాళ్లు ఆ పాట పాడరు.

అయినా ఒక్క సంగతి చెప్పాలి. ఆ ఇంటికి పంచ ఉండేది. పంచలో నులక మంచం. చివరి ఆరేళ్లు మా నాయనమ్మ ఆ మంచం మీదే ఉంది. దాని మీద నుంచే కూలికి పోయేవాళ్లను పిలిచింది, పిల్లల్ని తిట్టింది, ఆదివారం గుడికి పోయేవాళ్ల చేత ప్రార్థన చేయించుకుంది. కాలు కింద పెడితే నేల. నేల మీద నాలుగు అడుగులు వేస్తే వీధి. మంచి ఇల్లు కాదది. కానీ ముసలి మనిషిని మనుషుల మధ్య నుంచి విడదీయలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం. ఇళ్లను అంచనా వేసేటప్పుడు రెండింటినీ కలిపి పట్టుకోగలగాలి.

ఆ పల్లెల నుంచి బెజవాడ వచ్చినవాళ్లు ఎక్కడ ఉన్నారు? భవానీపురం వచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఒక పక్క కృష్ణ. ఇంకో పక్క విద్యాధరపురం కొండలు. ఆ కొండలకు అవతల బుడమేరు. మధ్యలో రోడ్డు, రోడ్డుకు ఇరువైపులా హౌసింగ్ బోర్డు కాలనీ, అపార్ట్‌మెంట్లు, గోడౌన్లు. చదునైన నేల మీద కొనగలిగినవాళ్లు ఉన్నారు. కొనలేనివాళ్లు ఏటి ఒడ్డుకు దిగారు, లేకపోతే కొండెక్కారు. రైలు దగ్గర, మార్కెట్ దగ్గర, లారీల దగ్గర ముఠా పని చేసినవాళ్లు, పాకీ పని చేసినవాళ్లు, రిక్షా తొక్కినవాళ్లు విద్యాధరపురం, చిట్టినగర్, కొత్తపేట కొండల మీద రాయి పగలగొట్టి, చదును చేసుకుని ఇళ్లు కట్టుకున్నారు. ముప్పై ఏళ్ల వయసులో భుజాన బిందె పెట్టుకుని ఎక్కిన మెట్లు అవి. అప్పుడు వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరికి వాళ్లు తమ మోకాళ్లు ఎప్పటికీ అలాగే ఉంటాయనుకుంటారు.

ఈ కొండ మీద ఒక మామ్మ ఉంది. పేరు రాయను. ఆమెను కలిసినప్పుడు నాతో ఇద్దరు విద్యార్థులున్నారు. "చివరిసారి ఎప్పుడు కిందకి దిగావు మామ్మా?" అని అడిగితే, "మా ఆయన్ని దింపినప్పుడు దిగానయ్యా" అంది. పిల్లలు తల దించుకున్నారు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. పాడె మలుపు తిరగలేదట. మెట్ల మలుపు దగ్గర శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దింపారట. ఆమె ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఇంటి కొలత చెప్పినట్టు చెప్పింది.

ఇక ప్రభుత్వం ఇళ్లను ఎలా కొలిచిందో చూద్దాం.

హౌసింగ్ బోర్డు మనిషిని ఆదాయంతో కొలిచింది. బలహీన వర్గం, తక్కువ ఆదాయ వర్గం, మధ్య ఆదాయ వర్గం. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వచ్చాక ఇళ్ల సంఖ్య కొలత అయింది. ఎన్ని మంజూరు, ఎన్ని పునాదిలో, ఎన్ని స్లాబు దాకా. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చినప్పుడు ఎస్సీలకు, ఎస్టీలకు, విడుదలైన వెట్టి కూలీలకు అని పెట్టింది. ఒక్కసారి ఆలోచించండి. వెట్టి నుంచి విడుదలైన మనిషికి ఇల్లు ఇస్తున్నారు. జీవితమంతా ఇంకొకడి చేలో అరిగిన ఒళ్లు అది. ఆ ఇంట్లో ఆ ఒళ్లు ఎలా లేస్తుంది, ఎలా కూర్చుంటుంది అని ఎవరైనా అడగాలిగా? 2001లో వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన వచ్చింది. పేరులో అంబేడ్కర్ ఉన్నాడు. బెజవాడలో దాని పేరు మీదే సింగ్‌నగర్ పక్కన వాంబే కాలనీ ఉంది. 2005 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం మొదలైంది. జక్కంపూడిలోనూ, ఇంకా కొన్నిచోట్లా జీ ప్లస్ త్రీ బ్లాకులు లేచాయి. కాలవ గట్ల మీద నుంచి, కొండల మీద నుంచి ఖాళీ చేయించిన వాళ్లను అక్కడికి పంపారు. తర్వాత టిడ్కో ఇళ్లు. 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు రకాలు. అవీ జీ ప్లస్ త్రీయే. కొలత ఇప్పుడు చదరపు అడుగు. 2020 డిసెంబరులో ఇంకో లెక్క వచ్చింది: పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర, దాంట్లో 340 అడుగుల ఇల్లు.

పార్టీలు మారాయి, పేర్లు మారాయి, రంగులు మారాయి. దరఖాస్తులో ఆదాయానికి కాలమ్ ఉంది, కులానికి ఉంది, రేషన్ కార్డు నంబరుకు ఉంది. మోకాళ్లకు లేదు.

ఎవరికీ తెలియక ఇలా జరిగిందనుకుంటే సరిపోయేది. తెలుసు. 1999 జనవరిలో భారత ప్రభుత్వం వృద్ధుల జాతీయ విధానం ప్రకటించింది. అందులో నివాసం మీద ఒక భాగం ఉంది. ఈ పోస్టు చదివాక విద్యార్థులు దాన్ని వెతికి చదవండి. పేదల ఇళ్ల పథకాల్లో పది శాతం వృద్ధులకు కేటాయించాలని ఉంది. లిఫ్టు లేని మూడు నాలుగంతస్తుల ఇళ్లు వృద్ధులకు పనికిరావని, వాళ్లను ఒంటరి చేస్తాయని, బయట తిరగనీయవని, సేవలు అందకుండా అడ్డుపడతాయని ఉంది. కింది అంతస్తు ఇళ్లు కేటాయించేటప్పుడు వృద్ధులకు ముందు ఇవ్వాలనీ ఉంది. నా మాటల్లో చెప్పాను గానీ సారాంశం అదే.

1999లో ఇది రాశారు. 2005 తర్వాత దేశమంతా పేదలకు కట్టిందేమిటి? లిఫ్టు లేని నాలుగంతస్తులు. ఏ ఇల్లు వద్దని విధానం రాసిందో, ఆ ఇంటినే నమూనాగా తీసుకున్నారు. దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రావడం లేదు. నేల ఖరీదు లెక్క చూసుకున్నారు. లిఫ్టు ఖర్చు, దాని కరెంటు బిల్లు, దాని రిపేరు లెక్క చూసుకున్నారు. ఆ ఖర్చు ఎవరి మోకాళ్ల మీద పడాలో కూడా ఆ లెక్కలోనే తేలిపోయింది.

అంతస్తుకు పది అడుగులు, మెట్టుకు ఆరంగుళాలు అనుకోండి. అంతస్తుకు 20 మెట్లు. మూడో అంతస్తుకు 60. ఎక్కడానికి 60, దిగడానికి 60. బీపీ మాత్రలకు ఒకసారి, చర్చికో మసీదుకో ఒకసారి, పక్కింటి చావుకు ఒకసారి. దిగడం మానేస్తే మెట్ల సమస్య తీరిపోతుంది. చాలామంది అలాగే తీర్చుకున్నారు. కూరగాయల బండి వస్తే పై నుంచి తాడు కట్టిన బుట్ట దింపుతారు. లోపల ఇండియన్ దొడ్డి. కూర్చుంటే లేవలేరు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కంత కోసి దాని మీద పెట్టుకుంటారు. పట్టుకోవడానికి తలుపు గడియకు పాత చీర కడతారు. ఈ కుర్చీ, ఈ చీర ఏ ఇంజనీరు డ్రాయింగులోనూ ఉండవు. ఇంటి లోపం ఏమిటో వాటికంటే స్పష్టంగా చెప్పే రిపోర్టు నేను చూడలేదు.

పింఛను మాత్రం మెట్లెక్కి వస్తుంది. ఒకటో తారీఖు తలుపు కొట్టి ఇస్తారు. 2024 జులై నుంచి నాలుగు వేలు. ఇది చిన్న విషయం కాదు. కానీ 2024 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. ఎన్నికల ముందు వాలంటీర్లు డబ్బు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. చాలామంది ముసలివాళ్లు ఆ ఎండలో సచివాలయం దాకా పోవలసి వచ్చింది. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. మెట్లను ఎవరూ తిట్టలేదు. ఒక నెల ఇంటికి రాకపోతే ఇంత కష్టమైందంటే, మిగతా నెలల్లో ఆ మనుషులు ఇంట్లో బందీలుగా ఉన్నారని కదా అర్థం? ఆ మాట ఒక్క టీవీ చర్చలోనూ నాకు వినపడలేదు.

"మరి కింది అంతస్తు ముసలివాళ్లకు ఇవ్వాలని రూలు ఉంది కదా" అంటారు. ఇక్కడే అసలు కిటుకు. మన దగ్గర పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు. ఆడవాళ్ల పేరు మీద ఆస్తి ఉండాలన్నది మనం అడిగి సాధించుకున్నదే, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ పేరు ఎవరిది? ఎక్కువగా కూతురిదో కోడలిదో. వయసు 32, 35. ముసలామె రేషన్ కార్డులో నాలుగో పేరు. లాటరీ తీసేటప్పుడు లబ్ధిదారు వయసు చూస్తే ఆ ఇంట్లో ముసలివాళ్లే లేరు! చట్టం ముసలి మనిషిని ఒంటరిగా ఊహించుకుంటుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి, పెట్టవచ్చని చెబుతుంది. ఇంట్లో, కుటుంబం మధ్య, మూడో అంతస్తులో ఉన్న ముసలామె ఆ సెక్షన్‌కూ కనపడదు. 2019లో కేంద్ర గృహ నిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోముల మీద నమూనా మార్గదర్శకాలు తెచ్చింది. లిఫ్టులు, జారని నేల, పట్టుకునే కడ్డీలు, అన్నీ ఉన్నాయి. బిల్డర్లు కట్టి అమ్మే ఇళ్లకు! డబ్బున్న మోకాలికి కాలమ్ పెట్టడం మనవాళ్లకు తెలుసన్నమాట.

ఇల్లు ముసలివాళ్లకు సరిపోతుందా అని చూడడానికి బయట పద్ధతులున్నాయి. అమెరికాలో లాటన్, నహెమోవ్ అనే ఇద్దరు 1973లో ఒక ఆలోచన చెప్పారు. మనిషి శక్తి ఒక పక్క, పరిసరం పెట్టే ఒత్తిడి ఒక పక్క. రెండింటికీ పొత్తు కుదిరినంతకాలం మనిషి బాగుంటాడు. శక్తి తగ్గేకొద్దీ చిన్న ఒత్తిడి కూడా కూలదోస్తుంది. స్వీడన్‌లో సుసాన్ ఇవార్సన్ అనే ఆమె దీన్ని ఇల్లిల్లూ తిరిగి కొలిచే పద్ధతిగా మార్చింది. ముందు మనిషిని చూస్తారు: వంగగలడా, చూపు ఉందా, చేతిపట్టు ఉందా, కర్ర వాడతాడా. తర్వాత ఇంటిని, వాకిలిని చూస్తారు: గడప, మెట్టు, దొడ్డి, వెలుతురు. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ అతుకు ఊడిందో తెలుస్తుంది. ఒకే ఇల్లు ఒకరికి సరిపోతుంది, ఇంకొకరికి జైలవుతుంది. ఇది నాకు నచ్చింది. మన సర్వేలు ఇంటిని ఒక్కదాన్నే చూస్తాయి.

కానీ స్వీడన్ కాగితం బెజవాడకు చాలదు. దానికి కులం తెలియదు. పల్లం తెలియదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, జక్కంపూడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతకుముందు రోజే మొగల్రాజపురంలో కొండ రాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. ఇప్పుడు చెప్పండి. ముసలామెకు కింది అంతస్తు ఇవ్వాలని ఇంతసేపూ అడిగాం. ఆ కింది అంతస్తే మునిగింది. మంచం మీద ఉన్న మనుషుల్ని పై అంతస్తుకు మోసుకెళ్లారు. పై అంతస్తులో ఉన్నవాళ్లు తిండీ నీళ్లూ లేక రోజులకు రోజులు చిక్కుకుపోయారు. కింద ఉంటే ముంపు, పైన ఉంటే చెర, కొండ మీద ఉంటే రాయి. పల్లెను పల్లంలో పెట్టిన పాత పద్ధతే కాలనీకీ వచ్చింది. ఎవరికీ అక్కర్లేని నేల మనకు. అందుకే మన దగ్గర ఇంటి అంచనా గడప దగ్గర కాదు, నేల దగ్గర మొదలుకావాలి.

సెంటు స్థలాల సంగతి కూడా చూద్దాం. నేల ఇల్లు, మెట్లు లేవు, ముసలివాళ్లకు మేలే అనిపిస్తుంది. కానీ పల్లపు లేఅవుట్‌లో ముంపు భయానికి పునాది రెండు అడుగులు లేపాలి. వాలుబాట నియమం ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. రెండు అడుగులకు 24. సెంటు అంటే 435 చదరపు అడుగుల చిల్లర. చదరంగా గీస్తే ఒక్కో పక్క 21 అడుగులు కూడా రాదు. వాలుబాట స్థలం కంటే పొడవు! ఆ సెంటు కొలత పెట్టినవాళ్లు ఈ లెక్క ఒక కాగితం మీద వేసి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది.

కోర్టుల వైపు నుంచి ఒక ఆసరా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అందుబాటు ప్రమాణాలున్నాయి. అవి సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగులు సాధించిన తీర్పు అది. మన పేటల్లో ముసలితనం, వైకల్యం వేరువేరుగా ఉండవు. వాళ్ల సంఘాలతో కలిసి కూర్చోవలసిన పని మనకుంది.

భవానీపురం చుట్టుపక్కల ఉన్న విద్యార్థులు కొందరు ఈ పని చేస్తామన్నారు. వాళ్లకు చెప్పింది ఇక్కడా చెబుతాను. టేపు పట్టుకెళ్లండి, కానీ ముందు టేపు తీయొద్దు. ముసలి మనిషి పక్కన కూర్చుని నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేసిందో అడగండి. ఎక్కడ గోడ పట్టుకుంది, ఎవర్ని పిలిచింది, నీళ్లు తక్కువ తాగిందా. దొడ్డికి పోవడం కష్టమని నీళ్లు మానేసేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. ఆ తర్వాత మెట్లు లెక్కపెట్టండి, గడప కొలవండి, రాత్రి మెట్ల మీద బల్బు వెలుగుతుందో చూడండి. 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మరక ఉంటుంది, దాని ఎత్తూ రాయండి. పట్టా ఎవరి పేరు మీద ఉంది, ఆ ఇంట్లో పెద్ద వయసు ఎవరిది, ఈ రెండూ పక్కపక్కన రాయండి.

అధికారులు కాలనీల్లో సర్వేకు వచ్చినప్పుడల్లా ఒక మాట అంటారు. "ఇచ్చిన ఇల్లు అద్దెకిచ్చుకుని వేరేచోట ఉంటున్నారు. వీళ్లకు ఇల్లు అవసరం లేదు" అని. పేపర్లు అదే రాస్తాయి. మనవాళ్లలో కొందరూ సిగ్గుపడతారు. ఆ అద్దెకిచ్చినవాళ్ల దగ్గరకు వెళ్లి కారణం అడగండి. మూడో అంతస్తు ఎవరో కుర్ర జంటకు ఇచ్చి, ఆ డబ్బుతో ఆసుపత్రికి దగ్గరలో నేల మీద ఒక గది తీసుకుని తల్లిని పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు మోసం చేయలేదు. ప్రభుత్వం చేయని అంచనా వాళ్లు చేసుకున్నారు. ఒకే కాలనీలో పైవాళ్లూ కిందవాళ్లూ ఇష్టపడి ఇల్లు మార్చుకుంటే పట్టా కూడా మారేలా ఒక్క జీవో కావాలి. దానికి సిమెంటు అక్కర్లేదు, ఇసుక అక్కర్లేదు. స్పందించేవాళ్లు మీ కాలనీ పేరు, అంతస్తు, ఇంట్లో పెద్దవాళ్ల వయసు ఇన్‌బాక్సులో పెట్టండి, పేర్లు వద్దు. అర్జీ వచ్చే నెల మొదటి సోమవారం ఇద్దాం.